పాలపళ్ళకూ ఒక డాక్టరు

అమెరికాలో బిడ్డను కన్న తెలుగు జంటలకు పీడియాట్రిషియన్ ఆఫీసులో ఏదో ఒక రోజు ఈ సలహా ఎదురవుతుంది. మొదటి పన్ను వచ్చిన ఆరు నెలల లోపల, ఎంత ఆలస్యమైనా మొదటి పుట్టినరోజుకల్లా, బిడ్డను డెంటిస్టుకు చూపించాలి. విని నవ్వి ఊరుకునేవాళ్ళు మనలో చాలామందే ఉన్నారు. అన్నప్రాశన అయి ఆరు నెలలు కాలేదు, నోట్లో ఉన్నవి లెక్కపెడితే ఆరో ఏడో పళ్ళు, అవి కూడా ఎలాగూ ఊడిపోయేవే! వాటికి ఒక డాక్టరు, ఒక అపాయింట్‌మెంటు, ఒక ఇన్సూరెన్సు కార్డూనా? "అంతా డబ్బులు గుంజే వ్యాపారం లెండి" అని మన పాట్‌లక్కుల్లో ఎవరో ఒకరు తేల్చేస్తారు.

నేను వైద్యుణ్ణి కాను. ఇంజనీరింగు చదివి, ఇరవై ఏళ్ళ పైచిలుకుగా ఈ దేశంలో సాఫ్ట్‌వేరు రాసుకుంటున్నవాణ్ణి. మా వృత్తిలో ఒక అలవాటుంది. పాత ప్రోగ్రాములో అర్థం కాని షరతు కనబడితే దాన్ని వెంటనే చెరిపెయ్యం. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, అప్పుడు ఏం చెడిపోతే ఇది రాయాల్సి వచ్చింది అని వెనక్కి తవ్వుకుంటూ పోతాం. ఈ "ఒక ఏడాది" అనే షరతును కూడా అలాగే తవ్వి చూశాను. దాని వెనక నూరేళ్ళకు మించిన కథ ఉంది. అందులో మన నెల్లూరు, నల్లగొండ కూడా ఉన్నాయి.

పసిపిల్లల పళ్ళను పూర్వులు పట్టించుకోలేదనుకోవడం సరికాదు. బాగానే పట్టించుకున్నారు. కాకపోతే పన్నుకు రోగం వస్తుందని కాదు, పన్నే రోగాలు తెస్తుందని అనుకున్నారు. కాశ్యప సంహితలో పళ్ళ పుట్టుక గురించి ఏకంగా ఒక అధ్యాయమే ఉంది. నాలుగో నెలలో వచ్చిన పళ్ళు బలహీనమనీ, ఎనిమిదో నెలలో వచ్చినవి ఉత్తమమనీ అందులో చెప్పారు. ముప్ఫై రెండింటిలో ఎనిమిది ఒక్కసారే పుడతాయి, తక్కినవి రెండుసార్లు పుడతాయి కాబట్టి అవి ద్విజులు అన్నారు. ఈనాటి లెక్క ప్రకారం పాలపళ్ళు ఇరవై, అంటే ఆ లెక్కకు నాలుగే తేడా. వాగ్భటుడైతే పళ్ళు రావడమే పసిపిల్లల సకల రోగాలకూ కారణమన్నాడు. మన ఇళ్ళలో పై పళ్ళు ముందు వస్తే మేనమామకు గండం అంటారు. మా పాపకు కింది పళ్ళే ముందు వచ్చాయి కాబట్టి మా బావమరిది బతికిపోయాడు!

పాశ్చాత్యులదీ ఇదే దారి. 1839లో ఒక్క ఇంగ్లండు, వేల్సులలోనే 5,016 మరణాలను పళ్ళు రావడం ఖాతాలో రాశారు. పళ్ళు వచ్చే వయసూ, తల్లిపాలు తగ్గి పైపాలు, బయటి నీళ్ళు మొదలయ్యే వయసూ ఒకటే కావడంతో విరేచనాలతో పోయిన బిడ్డల పాపం కూడా పంటికే చుట్టుకుంది. దానికి చికిత్స ఏమిటంటే చిగురును కత్తితో కోయడం, పాదరసం కలిసిన పొడి రుద్దడం. అమెరికాలో 1849 నుంచి "మిసెస్ విన్‌స్లో" పేరుతో ఒక సిరప్ అమ్మేవారు. అది పట్టిస్తే ఏడ్చే బిడ్డ ఇట్టే నిద్రపోయేది. ఎందుకు నిద్రపోదు, అందులో ఉన్నది మార్ఫీను! కొందరు బిడ్డలు ఆ నిద్ర నుంచి లేవలేదు కూడా. మన దేశంలో నల్లమందు పెట్టి పసివాళ్ళను నిద్రపుచ్చిన రోజులున్నాయి కాబట్టి మనం వాళ్ళను వేలెత్తి చూపలేం. పళ్ళ మీద వేసిన ఈ అపవాదును న్యూయార్కులో గట్టిగా ప్రశ్నించినవాడు అబ్రహాం జకోబి. అమెరికాలో పిల్లల వైద్యానికి పితామహుడని పేరున్న ఆయన 1862లో పళ్ళ పుట్టుక మీద తన ఉపన్యాసాలను పుస్తకంగా వేశాడు. పన్ను మీద నెపం వేసి అసలు రోగాన్ని వదిలెయ్యకండి అన్నది ఆయన వాదం.

నిర్దోషి అని తేలాక పాలపన్నును అందరూ మరిచిపోయారు. 1840లో బాల్టిమోరులో ప్రపంచంలోనే మొదటి దంతవైద్య కళాశాల పెట్టారు. పళ్ళ వైద్యం అప్పటి నుంచే తక్కిన వైద్యం నుంచి వేరుపడి తన దారిన తాను నడిచింది. ఈ రోజుకీ మన మెడికల్ ఇన్సూరెన్సు ఒకటి, డెంటల్ ఇన్సూరెన్సు వేరొకటి కావడానికి వేళ్ళు అక్కడే ఉన్నాయి. పిల్లల డాక్టరు గొంతు చూస్తాడు, చెవులు చూస్తాడు, మధ్యలో ఉన్న పళ్ళు మాత్రం తన శాఖ కాదు. పళ్ళ డాక్టరేమో కుర్చీలో కదలకుండా కూర్చోలేని పేషెంటు తనకొద్దంటాడు. ఈ ఇద్దరి మధ్యా పసివాడి నోరు దిక్కులేనిదైపోయింది.

1909లో లాస్ ఏంజెలిస్‌లో ఎవాంజలిన్ జోర్డన్ అనే డాక్టరమ్మ ఇక పిల్లల పళ్ళు మాత్రమే చూస్తానని తన ప్రాక్టీసును పరిమితం చేసుకుంది. ఈ దేశంలో అలా చేసిన మొదటి వ్యక్తి ఆమేనంటారు. 1913లో కనెక్టికట్ రాష్ట్రం బ్రిడ్జ్‌పోర్టులో ఆల్ఫ్రెడ్ ఫోన్స్ తన గ్యారేజీలోనే ఆడవాళ్ళకు పళ్ళు శుభ్రం చేసే విద్య నేర్పడం మొదలుపెట్టి, మరుసటేడు వాళ్ళను ఊళ్ళోని బడులకు పంపాడు. ఈ రోజు మన పళ్ళు గీకి శుభ్రం చేసే హైజీనిస్టులు ఆ గ్యారేజీ వారసులే. (గ్యారేజీలో మొదలైనవి మా సాఫ్ట్‌వేరు కంపెనీలే అనుకునేవాణ్ణి!) 1914లో బాస్టనులో ఫోర్సైత్ సోదరుల పేరిట, 1917లో రోచెస్టరులో కొడాక్ కెమెరాల జార్జ్ ఈస్ట్‌మన్ డబ్బుతో, పిల్లల కోసమే పళ్ళ ఆసుపత్రులు తెరిచారు. 1954లో పడమటి తీరం రేవుల్లో ఓడల సరుకు దింపే కార్మికుల సంఘం తమ పిల్లల పళ్ళ కోసం ఒక పథకం సంపాదించుకుంది. ఈనాటి డెంటల్ ఇన్సూరెన్సు కంపెనీలు కొన్ని ఆ పథకం కోసం పుట్టినవే. ఓడరేవు కూలీలు తమకంటే ముందు పిల్లలకు అడిగారన్న సంగతి చదివినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

అయితే ఇదంతా బడికి వెళ్ళే పిల్లల కథ. బడి వయసు కంటే కిందికి దిగితే మూడేళ్ళ దగ్గర ఆగిపోయేవారు. చాలాకాలం పిల్లల డాక్టర్లు చెప్పిన వయసు కూడా మూడే. నాకు అర్థమైనంతలో మూడుకు కారణాలు రెండు. రెండున్నరేళ్ళకల్లా ఇరవై పళ్ళూ వచ్చేస్తాయి. మూడేళ్ళకు బిడ్డ చెప్పిన మాట విని కుర్చీలో కూర్చుంటాడు. అంటే ఆ వయసును నిర్ణయించింది రోగం కాదు, కుర్చీ!

రోగం మాత్రం కుర్చీ కోసం ఆగదు. ఈ సంగతి తెలియడానికి ముందు పన్ను ఎలా పుచ్చుతుందో తెలియాలి. పంటిలో పురుగు ఉంటుందన్న నమ్మకం బాబిలోను నుంచి మన సంతల దాకా ఉండేదే. 1890లో విలబీ మిల్లర్ అనే అమెరికన్, బెర్లినులో పనిచేస్తూ, అసలు విషయం బయటపెట్టాడు. నోట్లోని సూక్ష్మజీవులు చక్కెరను, పిండిపదార్థాన్ని తిని ఆమ్లాన్ని వదులుతాయి, ఆ ఆమ్లం పంటిని కరిగిస్తుంది. 1924లో లండనులో క్లార్క్ అనే ఆయన వాటిలో ఒక ముఖ్యమైన దాన్ని వేరుచేసి స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ అని పేరు పెట్టాడు. ఎవరూ పట్టించుకోలేదు. 1960 ప్రాంతంలో వాషింగ్టన్ పక్కనే బెథెస్డాలో ఫిట్జెరాల్డ్, కీస్ అనే ఇద్దరు చిట్టెలుకల వంటి హ్యామ్‌స్టర్ల మీద చేసిన ప్రయోగాలతో అసలు మలుపు వచ్చింది. పుచ్చుపళ్ళ హ్యామ్‌స్టర్లతో కలిపి పెంచితే మంచి పళ్ళవాటికి కూడా పుచ్చు పట్టుకుంది. అంటే పుచ్చు ఒకరి నుంచి ఒకరికి అంటుకునే జబ్బు.

ఎలుకల సంగతి సరే, మనుషుల్లో ఎవరి నుంచి ఎవరికి? 1993లో అలబామా విశ్వవిద్యాలయంలో కాఫీల్డ్, ఆయన సహచరులు తల్లుల్నీ బిడ్డల్నీ వరసగా గమనించి లెక్క కట్టారు. ఆ క్రిములు బిడ్డ నోట్లో స్థిరపడింది చాలావరకు 19 నుంచి 31 నెలల మధ్య, ఎక్కువగా తల్లి నుంచే. అంతకంటే ముందే పట్టుకోవచ్చనీ, తల్లి ఒక్కతే కారణం కాదనీ తరువాతి పరిశోధనలు చెప్పాయి. ఏదైనా మూడేళ్ళకు డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి ఆ క్రిములు నోట్లో కాపురం పెట్టేసి ఉంటాయన్నమాట.

ఇది చదివినప్పుడు నాకు తట్టిన మాట ఒక్కటే, ఎంగిలి. ఇంగ్లీషులో దీనికి సరైన మాట లేదు. అమెరికన్ తల్లికి "చెంచా రుచి చూసి అదే చెంచా బిడ్డ నోట్లో పెట్టవద్దు" అని ఒక పూర్తి వాక్యం చెప్పాలి. మనకు మూడక్షరాలు చాలు. కానీ ఎంగిలి విషయంలో అంత పట్టింపు ఉన్న మనమే పసిబిడ్డ దగ్గరికి వచ్చేసరికి దాన్ని సడలిస్తాం. పాలు వెచ్చగా ఉన్నాయో లేదో నాలిక మీద చూసుకుంటాం, నమిలి మెత్తన చేసిన ముద్ద పెడతాం. అమ్మ ఎంగిలి బిడ్డకు అంటదు అనుకుంటాం. అలాగని గోరుముద్దలు మానుకోమని ఎవరూ అనడం లేదు. తల్లి నోట్లో పుచ్చుపళ్ళుంటే ముందు ఆమె వైద్యం చేయించుకోవాలి. బిడ్డ తొలి విజిట్‌లో మంచి డెంటిస్టు తల్లి పళ్ళ గురించి కూడా అడిగేది అందుకే.

రెండో దోషి పాలసీసా. 1962లో ఎలియాస్ ఫాస్ అనే డెంటిస్టు, సీసా నోట్లో పెట్టుకుని నిద్రపోయే పిల్లల్లో కనిపించే ప్రత్యేకమైన పుచ్చును వర్ణించి, దానికి "సీసా నోరు" అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. పై ముందు పళ్ళు నాలుగూ చిగురు దగ్గర తెల్లబడి, పసుపై, చివరికి నల్లటి మొద్దులుగా మిగులుతాయి. కింది ముందు పళ్ళు నాలిక చాటున ఉంటాయి కాబట్టి చాలావరకు బతికిపోతాయి. నిద్రలో లాలాజలం ఊరడం తగ్గిపోతుంది, నోట్లో నిలిచిన తీపి రాత్రంతా క్రిములకు విందు. మన ఇళ్ళలో ఆ సీసాలోకి పాలతో పాటు ఒక చెంచా చక్కెర కూడా వెళ్తుంది. పటికబెల్లం నీళ్ళు, తేనె, హార్లిక్సు ఉండనే ఉన్నాయి. (ఏడాది నిండని బిడ్డకు తేనె అసలే పెట్టకూడదు, అది పళ్ళకు సంబంధం లేని వేరే ప్రమాదం.) సీసా ఒక్కటే కారణం కాదని తేలాక 1990లలో ఈ జబ్బుకు "ఎర్లీ చైల్డ్‌హుడ్ కేరీస్" అనే పేరు స్థిరపడింది.

"ఊడిపోయేవే గదా" అన్న మాటకు జవాబు ఇక్కడే చెప్పాలి. ముందు పళ్ళు ఆరేడేళ్ళకు ఊడతాయి, నిజమే. వెనక దవడ పళ్ళు పది, పన్నెండేళ్ళ దాకా ఉంటాయి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి జరిగి, కింద నుంచి రావలసిన అసలు పంటికి చోటు మిగలదు. ఆ తరువాత మన బ్రేసుల ఖర్చు ఎంతో ఈ పుస్తకం చదివే తల్లిదండ్రులకు నేను చెప్పనక్కర్లేదు. అంతకంటే పెద్ద విషయం, రెండేళ్ళ పిల్లకు ఎనిమిది పళ్ళు బాగుచెయ్యాలంటే మెలకువగా ఉండగా సాధ్యం కాదు. ఆపరేషన్ గదిలో పూర్తి మత్తు ఇచ్చి చెయ్యాలి. పుచ్చు అదుపు తప్పితే ప్రాణానికి కూడా రావచ్చు. 2007 ఫిబ్రవరిలో మేరీల్యాండులో పన్నెండేళ్ళ పేద పిల్లవాడు ఒక పంటి చీము మెదడుకు పాకి చనిపోయాడు. ఆ పన్ను తీయించడానికి అయ్యేది 80 డాలర్లు. తియ్యనందుకు ఆసుపత్రిలో అయిన ఖర్చు రెండు లక్షల డాలర్లు దాటింది. ఆ చావు కాంగ్రెసు దాకా వెళ్ళింది. తక్కువ ఆదాయం వాళ్ళ పిల్లల ఇన్సూరెన్సులో పళ్ళ వైద్యం తప్పనిసరి అంటూ 2009లో చట్టం వచ్చింది.

ఇప్పుడు ఆ షరతు దగ్గరికి వస్తాను. పిల్లల డెంటిస్టుల సంఘం 1947లో ఏర్పడింది. పసిబిడ్డల నోటి ఆరోగ్యం గురించి వాళ్ళు మొదటి విధానం రాసింది 1986లో. ఏడాది లోపు అన్న మాట అప్పటిది. అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2000లో అదే మాట అంది. అదే ఏడాది సర్జన్ జనరల్ డేవిడ్ సాచర్ దేశం నోటి ఆరోగ్యం మీద పెద్ద నివేదిక విడుదల చేశాడు. పిల్లల్లో దీర్ఘకాలిక వ్యాధుల్లో పుచ్చుపళ్ళదే మొదటి స్థానమనీ, ఆస్త్మా కంటే అయిదు రెట్లు ఎక్కువనీ అందులో చెప్పాడు. పీడియాట్రిషియన్ల సంఘం 2003లో కదిలింది. ఆరో నెలలోనే డాక్టర్లు బిడ్డ నోటి ప్రమాదాన్ని అంచనా వెయ్యాలనీ, ప్రమాదం ఉన్న బిడ్డలకు ఏడాదికల్లా ఒక డెంటిస్టును కుదర్చాలనీ సిఫార్సు చేసింది. 1986 నుంచి 2003 దాకా, పదిహేడేళ్ళు! ఒకే బిడ్డ, ఒకే నోరు, రెండు సంఘాలు.

మేముండేది నార్త్ కరొలైనాలో. ఈ కథలో మా రాష్ట్రానికి మంచి పేరుంది. డెంటిస్టులు చాలక, ఉన్నవాళ్ళు పేద పిల్లల్ని చూడక, 2000లో ఇక్కడ ఒక ఉపాయం చేశారు. టీకాలకు బిడ్డ ఎలాగూ పీడియాట్రిషియన్ దగ్గరికి వస్తుంది కదా, అక్కడే నోరు చూసి పళ్ళకు ఫ్లోరైడు వార్నిష్ పూసి పంపిస్తే సరి. ఈ పథకం తరువాత చాలా రాష్ట్రాలకు నమూనా అయింది.

తొందరగా వెళ్తే డబ్బు కలిసొస్తుందనడానికి అందరూ చూపించే లెక్క కూడా మా రాష్ట్రానిదే. 2004లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం ఏడాది లోపు తొలిసారి వెళ్ళిన పిల్లలకు తరువాత సగటున 262 డాలర్లు ఖర్చయితే, నాలుగైదేళ్ళకు వెళ్ళినవాళ్ళకు 546 డాలర్లయింది. అంకెలు కనబడితే మూలం చూడకుండా ఉండలేను కాబట్టి చూశాను. మొత్తం 9,204 మంది పిల్లల్లో ఏడాది లోపు వెళ్ళినవాళ్ళు 23 మంది! ఇరవై మూడు మందితో తేల్చిన సగటును మా ఆఫీసులో చూపిస్తే మా మేనేజరు ఒప్పుకోడు. పైగా 2017లో అలబామా పిల్లల మీద అచ్చయిన మరో అధ్యయనంలో, తొందరగా డెంటిస్టు దగ్గరికి వెళ్ళినవాళ్ళకే తరువాత చికిత్సలు ఎక్కువయ్యాయని తేలింది. పళ్ళు అప్పటికే బాగాలేనివాళ్ళే ముందు వెళ్ళి ఉండవచ్చు, వెళ్ళినవాళ్ళకే పుచ్చు బయటపడి ఉండవచ్చు. కాబట్టి డబ్బు ఆదా అవుతుందన్న వాదన మీద నేను పెద్దగా బరువు పెట్టను. క్రిములు ఎప్పుడు వస్తాయి, సీసా ఎప్పుడు మానిపించాలి, బ్రష్ ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న మాటలు ఏడాది వయసులో చెబితేనే పనికొస్తాయన్నది మాత్రం గట్టి కారణమే.

ఇక ఫ్లోరైడు. నాకు ఈ వ్యాసం రాయాలనిపించిందే దీని వల్ల.

నేను పుట్టింది నల్లగొండ జిల్లా మునుగోడు దగ్గర ఒక పల్లెలో. మా బడిలో పిల్లలు నవ్వితే పళ్ళ మీద పసుపు, గోధుమరంగు చారలు కనబడేవి. నా ముందు పళ్ళ మీద ఆ చారలు ఇప్పటికీ ఉన్నాయి. పళ్ళతో పోయినవాళ్ళు అదృష్టవంతులు. నలభై ఏళ్ళకే నడుము వంగి, మెడ తిప్పలేక, కాళ్ళు దొడ్డిపోయి మంచానికి అతుక్కుపోయినవాళ్ళను చూస్తూ పెరిగాం. అదంతా బోరునీళ్ళలోని ఫ్లోరైడు చలవ. 1996లో నేను ఇంటర్ చదువుతుండగా, ఢిల్లీకి మా గోడు వినిపించాలని నల్లగొండ లోక్‌సభ స్థానానికి 480 మంది పోటీ చేశారు. బ్యాలెట్ పత్రం కాస్తా పుస్తకమైంది, పోలింగు వాయిదా పడింది.

2012లో మా పాప పుట్టినప్పుడు మా అమ్మ ఇక్కడికి వచ్చింది. పాపకు పన్నెండో నెల రాబోతుండగా డెంటిస్టు దగ్గరికి తీసుకెళ్తున్నామంటే, "పాలపండ్లే గదా, ఊశిపోయేటియి" అని నవ్వింది. అక్కడ పళ్ళకు పూసేది ఫ్లోరైడని చెప్పగానే ఆ నవ్వు పోయింది. "ఆ ఫ్లోరిన్ నీళ్ళ నుంచి తప్పించుకోని ఇంత దూరం వస్తిరి. మళ్ళ పసిపిల్ల పండ్లకు అదే పూస్తరా బిడ్డా?" అంది. దీనికి జవాబు అంత తేలిక కాదు. ఆమె చెప్పింది మూఢనమ్మకం కాదు, కళ్ళారా చూసిన చరిత్ర.

ఆ చరిత్ర రెండు ఖండాల్లో ఒకేసారి నడిచింది. 1901లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ప్రాక్టీసు పెట్టిన ఫ్రెడరిక్ మెకే అనే కుర్ర డెంటిస్టుకు అక్కడ పుట్టి పెరిగినవాళ్ళ పళ్ళ మీద గోధుమరంగు మచ్చలు కనబడ్డాయి. అచ్చం మా బడి పిల్లల లాగే. ఆయన ముప్ఫై ఏళ్ళు వెంటపడ్డాడు. మచ్చలు పడేది పళ్ళు తయారయ్యే వయసులో అక్కడి నీళ్ళు తాగినవాళ్ళకేనని గ్రహించాడు. ఆ పళ్ళు పెద్దగా పుచ్చకపోవడమూ గమనించాడు. 1931లో అల్యూమినియం కంపెనీ రసాయన శాస్త్రవేత్త చర్చిల్ నీళ్ళు పరీక్షించి, అందులో ఉన్నది ఫ్లోరైడని తేల్చాడు. సరిగ్గా ఆ దశకంలోనే, 1937లో, మద్రాసు గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ వైద్యుడు షార్ట్, ఆయన సహచరులు అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లో నడుములు బిగుసుకుపోయిన రైతుల్ని పరీక్షించి, ఫ్లోరైడు ఎముకల్ని కూడా పాడుచేస్తుందని పత్రం రాశారు. మన దేశంలో ఫ్లోరోసిస్ వైద్య చరిత్ర మొదలైంది మన తెలుగు పల్లెల్లోనే. 1940లలో నల్లగొండ పేరు కూడా ఆ జాబితాలో చేరింది.

నెల్లూరులో విషమని తేలిన పదార్థం అమెరికాలో మందు ఎలా అయింది? కొలతతో. ట్రెండ్లీ డీన్ అనే ప్రభుత్వ డెంటిస్టు ఊరూరి నీళ్ళూ కొలిచి, లీటరుకు ఒక మిల్లీగ్రాము దగ్గర మచ్చలు దాదాపు ఉండవు, పుచ్చు మాత్రం బాగా తగ్గుతుందని చూపించాడు. 1945 జనవరి 25న మిషిగన్ రాష్ట్రం గ్రాండ్ ర్యాపిడ్స్ ఊరి నీళ్ళలో ప్రపంచంలోనే మొదటిసారి కావాలని ఫ్లోరైడు కలిపారు. 2015 నుంచి ప్రభుత్వం సిఫార్సు చేస్తున్న మోతాదు లీటరుకు 0.7 మిల్లీగ్రాములు. మా వైపు కొన్ని బోర్లలో అయిదు, ఆరు, అంతకు మించీ ఉండేది.

అమ్మకు నేను చెప్పిన లెక్క ఇది. లీటరుకు అయిదు మిల్లీగ్రాములున్న నీళ్ళు రోజుకు ఒక లీటరు తాగే పిల్లవాడి ఒంట్లోకి ఏడాదికి 1,800 మిల్లీగ్రాములకు పైగా వెళ్తుంది. పసిబిడ్డ పళ్ళకు ఒకసారి పూసే పావు మిల్లీలీటరు వార్నిష్‌లో ఉండేది అయిదారు మిల్లీగ్రాములు. ఏడాదికి నాలుగుసార్లు పూసి, పూసిందంతా మింగేసినా పాతిక దాటదు. పైగా అది ఒంట్లోకి పోవడానికి కాదు, పంటి పై పొరను గట్టిపరచడానికి పూసేది. అమ్మ అంకెలన్నీ విని, "అంటే ఉప్పు లెక్కనా?" అంది. నేను పేజీలకు పేజీలు చదివింది ఆమె రెండు మాటల్లో చెప్పేసింది.

వార్నిష్‌కూ ఒక కథ ఉంది. 1960లలో జర్మనీలో పుట్టిన దాన్ని అమెరికా ప్రభుత్వం 1994లో గానీ అనుమతించలేదు. మొదటి పన్ను నుంచి పిల్లలందరికీ పూయాలని 2014లో ప్రభుత్వ నిపుణుల బృందం సిఫార్సు చేశాక, ఇన్సూరెన్సు కంపెనీలు పీడియాట్రిషియన్ దగ్గర దాన్ని ఉచితంగా ఇవ్వవలసి వచ్చింది. టూత్‌పేస్టు మాట కూడా ఆ ఏడాదే మారింది. మా పాప పసితనంలో రెండేళ్ళ దాకా ఫ్లోరైడు పేస్టు వద్దన్నారు. 2019లో బాబు పుట్టేసరికి మొదటి పన్ను నుంచే పెట్టమన్నారు. ఎంత? బియ్యపు గింజంత! మూడేళ్ళు దాటాక బఠాణీ గింజంత. అమెరికన్ డాక్టరు బియ్యపు గింజతో కొలత చెబుతుంటే నాకు మా ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

ఫ్లోరైడు తగవు ఇక్కడ కూడా తీరలేదు. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన చోట్ల పిల్లల తెలివితేటల కొలతలు తగ్గినట్టు కనబడుతోందని 2024లో ఒక ప్రభుత్వ నివేదిక చెప్పింది. 0.7 దగ్గర ఏమవుతుందో తేల్చడానికి తగిన ఆధారం లేదని కూడా అందులోనే ఉంది. 2025లో యూటా, ఆ వెంటనే ఫ్లోరిడా, నీళ్ళలో ఫ్లోరైడు కలపడాన్ని నిషేధించాయి. ఆ వాదంలో ఎవరు నెగ్గినా, నీళ్ళలో ఫ్లోరైడు లేని ఊళ్ళో పసిబిడ్డ పళ్ళను తొందరగా ఎవరో ఒకరు చూడవలసిన అవసరం పెరుగుతుందే గాని తగ్గదని నా అభిప్రాయం.

ఇంతకీ ఆ విజిట్‌లో జరిగేదేమిటంటే, చాలా తక్కువ. కుర్చీ అవసరమే లేదు. తల్లి, డాక్టరు మోకాళ్ళకు మోకాళ్ళు ఆనించి ఎదురెదురుగా కూర్చుంటారు. బిడ్డ తల్లి వైపు తిరిగి ఒళ్ళో కూర్చుని, వెనక్కి వాలి డాక్టరు ఒళ్ళో తల పెడుతుంది. మన అమ్మమ్మలు కాళ్ళ మీద పడుకోబెట్టి నలుగు పెట్టి తలంటే పద్ధతికి ఇది దగ్గరి చుట్టమే. బిడ్డకు తల్లి ముఖం కనబడుతూనే ఉంటుంది. ఏడుస్తుంది, ఏడ్చినప్పుడు నోరు తెరుస్తుంది కాబట్టి డాక్టరుకు అదీ మంచిదే. రెండు నిమిషాల్లో చిన్న అద్దంతో చూసి, పళ్ళు తుడిచి, వార్నిష్ పూస్తారు. ఆ రోజుకు పళ్ళు కాస్త పసుపుగా కనబడవచ్చు, కంగారు పడనక్కర్లేదు. మిగతా సమయమంతా ప్రశ్నలే. రాత్రి సీసా ఇస్తున్నారా, దానిలో ఏముంటుంది, బ్రష్ ఎవరు చేస్తారు, ఇంట్లో ఇంకెవరికైనా పుచ్చుపళ్ళున్నాయా? మన ఇళ్ళలో పగలంతా బిడ్డను చూసేది చాలాసార్లు ఇండియా నుంచి వచ్చిన అమ్మమ్మో నాయనమ్మో కాబట్టి, ఆవిడను కూడా వెంట తీసుకెళ్ళడం మంచిది. మేము మా అమ్మను తీసుకెళ్ళాం. పాలలో చక్కెర మానెయ్యమని నేను చెబితే విననిది, డాక్టరమ్మ చెబితే ఆ రాత్రికే మానేసింది.

వెళ్ళగానే నింపమని ఇచ్చిన కాగితంలో ఒక ప్రశ్న దగ్గర అమ్మ నా చెయ్యి పట్టుకుని అదేమిటని అడిగింది. మీ ఇంట్లో తాగే నీళ్ళు ఎక్కడివి, ఊరి కుళాయివా, సొంత బావివా, సీసాలవా? మా వైపు పిల్లనిచ్చే ముందు అడిగే ప్రశ్న అది. నీళ్ళు మంచివి కాని ఊరికి పిల్లను ఇచ్చేవాళ్ళు కాదు. 2016లో మొదలైన మిషన్ భగీరథ పైపులతో ఇప్పుడు మా ఊళ్ళో నది నీళ్ళు తాగుతున్నారు. ఆ రోజు మాత్రం, ఇక్కడి నీళ్ళు ఊరి కుళాయివేననీ, ప్రతి ఏటా వాటిని కొలిచి లెక్క రాసి ఇంటికి పంపుతారనీ చెప్పాను. ఆ లెక్క తనకు చూపించమంది. ఇంటికొచ్చాక తీసి చూపించాను, తెలుగులో చదివి వినిపించాను కూడా.